యాభై రెండు పౌండ్లు

డిసెంబర్ 5, గురువారం

నేను వాసును ప్రేమిస్తున్నానట. ఈ సంగతి నాకు తప్ప ఇల్లందు మొత్తానికీ తెలుసు.

మొదట కనిపెట్టింది పక్కింటి సీతారావమ్మ గారు. మీ నజియా రోజూ సాయంత్రం క్లబ్ కోర్టు జాలీ పట్టుకొని నిలబడుతున్నది షాకేరమ్మా, గా ఇంజనీర్ పిలగాన్ని చూసుకుంట లోకమే మరిచిపోతున్నది అని అమ్మీకి చెప్పింది. నా తల అటూ ఇటూ తిరుగుతోందో లేదో మాత్రం చూడలేదు. ఒక్కణ్నే చూసేదాన్నయితే ఇంటికొచ్చాక మెడ ఎందుకు నొప్పి పెడుతుంది?

అమ్మీ నన్నేమీ అడగలేదు. తన చెల్లెలికి, మా ఖాలాకు, ఫోన్ చేసింది. మధిరలో చెప్పుల షాపు వాళ్ల సంబంధం కదిలింది.

నేను చూసేది టెన్నిస్ ఆట. అంతకన్నా ఎక్కువగా, ఆటలో నా గట్టింగ్, అంటే రాకెట్లకు నేను బిగించిన తీగలు. మా షాపు పేరుకే స్పోర్ట్స్, బతుకంతా క్యారం బోర్డులూ సైకిల్ ట్యూబులూ. కానీ ఆఫీసర్ల క్లబ్ వాళ్లు అమ్మేస్తే అబ్బా కొన్న గట్టింగ్ మెషిన్ ఒకటుంది. ఈ చుట్టుపక్కల టెన్నిస్ రాకెట్‌కి గట్ తెగితే మా దగ్గరికే రావాలి. పోయిన రంజాన్ నుంచి అబ్బా కుడిచెయ్యి వణుకుతోంది. అప్పట్నుంచి వెనక గదిలో కూర్చుని గట్ కట్టేది నేను. బయటికి చెప్పొద్దని మా అన్న ఉబేద్ భాయ్ ఆర్డర్. ఆడపిల్ల కట్టిందంటే ఎవడూ బ్యాట్ ఇయ్యడట.

ఇది తెలుగులో రాస్తున్నాను. అమ్మీకి ఉర్దూ చదవడమే వచ్చు. భాయ్‌కి తెలుగు వచ్చు గానీ షాపు బోర్డు కన్నా పొడుగున్నది ఏదీ చదవడు.

డిసెంబర్ 8, ఆదివారం

జాబ్ వచ్చింది! హైదరాబాద్‌లో మందుల కంపెనీ ల్యాబ్. జాయినింగ్ ఇరవై ఆరున.

అబ్బాకు చెబితే ఉబేద్‌ను అడుగు బేటా అన్నాడు. భాయ్‌ని అడిగితే అమ్మీ ఏమంటదో చూడు అన్నాడు. అమ్మీ పొయ్యి మీంచి గిన్నె దించుతూ, మధిరోళ్లు ఇరవై ఐదున వస్తుండ్రు, ఆ పచ్చ డ్రెస్ ఇస్త్రీ చేయించుకో అంది.

మా ఇంట్లో ఎవరూ వద్దనరు. తలుపు ఎవరూ మూయరు, ఎవరూ తీయరు.

డిసెంబర్ 11, బుధవారం

సెమీస్ అయిపోయాయి. క్లబ్ ఫైనల్లో మళ్లీ వాళ్లిద్దరే. వాసు, మోతీలాల్. ఇది వరసగా నాలుగోసారి. టౌన్‌లో ఏ టీ బండి దగ్గర చూసినా ఇదే లొల్లి.

వాసుకు ఇరవై ఆరేళ్లు. హైదరాబాద్‌లో కోచింగ్ తీసుకున్న చెయ్యి. సర్వీస్ కొడితే జాలీ మోగుతుంది. బాగా కొట్టినప్పుడల్లా ఎవరు చూశారా అని జనం వైపు చూస్తాడు, ఆ వెంటనే డబుల్ ఫాల్ట్ చేస్తాడు. మూడు రాకెట్లున్నాయి. కోపమొస్తే మారుస్తాడు.

మోతీలాల్ గనిలో ఎలక్ట్రీషియన్. నలభై దాటాయి. తండా నుంచి వచ్చి అధికారులకు బంతులు ఏరుతూ నేర్చుకున్నాడంటారు. ఆయన పరిగెత్తడం నేను చూడలేదు. బంతి పడే చోట అప్పటికే ఉంటాడు. ప్రతీ బంతినీ స్లైస్ చేసి, కోసినట్టు పంపిస్తాడు. అవతలివాడికి కోపం వచ్చేదాకా పంపిస్తూనే ఉంటాడు.

కళ్లతో చూస్తే ఎవరు గెలుస్తారో తేలదు. కానీ ఊళ్లో ఎవరికీ తెలియనిది నాకొకటి తెలుసు. తెగిన గట్ ముందు నా ఒళ్లోకే వస్తుంది. వాసుది ఎప్పుడూ నట్టనడుమ తెగుతుంది, అంటే బంతి ప్రతిసారీ తగలాల్సిన చోటే తగులుతోంది. మోతీలాల్ పేరుతో క్లబ్ నుంచి వచ్చే రాకెట్ ఈ ఆరు నెలల్లో మూడుసార్లు తెగింది. మూడుసార్లూ పైన, ఫ్రేమ్ పక్కనే. బంతి ఆలస్యంగా అందుతోందన్నమాట. చూసేవాళ్లకు తెలియకపోయినా ఒళ్లు నెమ్మదించింది.

వాసు గెలుస్తాడు.

డిసెంబర్ 12, గురువారం

అన్నం దగ్గర భాయ్ మోతీలాల్ అన్నాడు. నేను వాసు అన్నాను. అమ్మీ భాయ్ వైపు చూసిన చూపులో, నేను ముందే చెప్పలే? అన్న మాట మొత్తం ఉంది.

మోతీలాల్ అనేసి ఉంటే గొడవే లేదు. కానీ తెలిసిన సంగతిని ఎందుకు మింగాలి?

భాయ్ నవ్వి, గంత నమ్మకముంటే పందెం, షర్త్ కట్టు అన్నాడు. వాసు గెలిస్తే నేనే నిన్ను హైదరాబాద్‌ల దింపొస్తా, అమ్మీని అబ్బాను నేను చూసుకుంటా. మోతీలాల్ గెలిస్తే మధిరోళ్ల ముందట మూతి ముడవకుండ కూసోవాలె, అవ్ అనాలె. అమ్మీ తౌబా తౌబా, షర్త్ హరామ్ రా అంది. పైసలు ఎక్కడున్నయి అమ్మీ, పైసలు లేంది జూదమెట్లయితది అన్నాడు భాయ్. అమ్మీ రొట్టె మడుస్తూ, పైసలు లెవ్వు, పిల్లను పెట్టినవ్ కదరా అంది.

నా గురించి అన్నీ తప్పుగా అనుకునే అమ్మీ, ఆ ఒక్కటి సరిగ్గా అంది.

నేను చెయ్యి చాపాను. భాయ్ చెయ్యి కలిపాడు. అబ్బా సాక్షి. అబ్బా మంచినీళ్లు తాగాడు.

డిసెంబర్ 14, శనివారం

అందరూ నాతో బాగుంటున్నారు. భయంగా ఉంది.

డిసెంబర్ 20, శుక్రవారం, పొద్దున

మోతీలాల్ స్వయంగా షాపుకొచ్చాడు. నేను పరదా వెనక ఉన్నాను.

రజాక్ భాయ్, గట్ ఢీలా అయింది, కొత్తది ఎయ్యి, బిగువు యాభై రెండు పౌండ్లు, గంతకన్న ఒక్కటి తగ్గొద్దు అన్నాడు. ఇది మొన్న తెగింది కాదే అన్నాడు అబ్బా. ఆయన పెద్దగా నవ్వాడు. గది మా ఇంటామెది భాయ్, పొద్దుగాల నేర్పిస్తున్న, బంతికి తక్వ కొడ్తది, ఫ్రేమ్‌కి ఎక్వ కొడ్తది, క్లబ్బుల నా పేరు మీదనే ఇచ్చి పోతది. నాది తెగక రెండేండ్లాయె.

నేను ఆరు నెలలుగా ఒక మనిషిని చదివాను. అది వేరే మనిషి.

డిసెంబర్ 20, మధ్యాహ్నం

జుమా నమాజుకు అబ్బా, భాయ్ ఇద్దరూ వెళ్లారు. అమ్మీ నిద్రపోతోంది. షట్టర్ సగం దించి ఉంది. మోతీలాల్ రాకెట్ మెషిన్ మీద బిగించి ఉంది.

వాసు గెలవడు. ఆ సంగతి ఇప్పుడు నాకు తెలుసు.

నలభై నాలుగు పౌండ్లే పెడితే? గట్ వదులైతే బంతి ఎక్కువ దూరం పోతుంది. ఆయన కోసి పంపే ప్రతి బంతీ ఒక అడుగు అవతల పడుతుంది. ఆయన దగ్గర ఇంకో రాకెట్ లేదు, భార్యది తప్ప. రెండు దెబ్బలకే తేడా తెలుస్తుంది. కానీ నన్ను అనుమానించడు. నేనున్నానని ఆయనకు తెలియదు. రజాక్ భాయ్ చెయ్యి పోయింది పాపం అనుకుంటాడు.

భాయ్ కూడా అనుమానించలేదు. షర్త్ కట్టినవాడు, నా చేతిలో ఆ రాకెట్ పెట్టి జల్దీ కట్టు అని వెళ్లిపోయాడు. నేను జాలీ దగ్గర నిలబడితే అనుమానం. ఫోన్ పట్టుకుంటే అనుమానం. అనుమానించాల్సిన ఒక్క చోట మాత్రం నేను మనిషినని కూడా ఎవరికీ గుర్తు రాలేదు.

మెషిన్ ముల్లును నలభై నాలుగుకి జరిపాను. ఒక గట్ లాగాను కూడా.

ఓపెన్ కాస్ట్ బొగ్గు గనిలో బ్లాస్టింగ్ అయింది. నేల అదిరింది. గోడ మేకులకు వేలాడుతున్న రాకెట్లన్నీ సన్నగా మోగాయి. అవన్నీ నేను కట్టినవే. అన్నీ ఒకే బిగువుతో మోగాయి, మెషిన్ మీదున్నది తప్ప.

లాగిన గట్‌ను కోసేశాను. మొదట్నుంచీ కట్టాను. యాభై రెండు.

డిసెంబర్ 22, ఆదివారం

మోతీలాల్ గెలిచాడు.

రెండో సెట్‌లో వాసు ఒక రాకెట్ నేలకేసి కొట్టి, ఇంకొకటి తీసుకున్నాడు. మోతీలాల్ తువ్వాలు జాలీకి తగిలించి, ముఖం తుడుచుకోవడం తప్ప ఇంకేమీ చేయలేదు. కళ్లు మూసుకున్నా నాకు తెలిసిపోయేది. ఆ రాకెట్ మీద బంతి చప్పుడు అంత శుభ్రంగా ఉంది. నన్ను నా గట్టే ఓడించింది. జనమంతా చప్పట్లు కొడుతుంటే నేనూ కొట్టాను. సీతారావమ్మ గారు నన్నే చూస్తున్నారు. పాపం, ప్రియుడు ఓడినా ఏడవడం లేదని ఆవిడ బాధ.

ఇంటికి రాగానే భాయ్ గల్లీలోంచే అరిచాడు. షర్త్ అంటే షర్త్, జబాన్ ఇచ్చినవ్!

అవ్, మాట ఇచ్చాను.

డిసెంబర్ 23, సోమవారం

మోతీలాల్ మిఠాయి డబ్బా తెచ్చాడు. రజాక్ భాయ్, నీ చెయ్యి ఇంక గట్లనే ఉన్నది, ఏం కట్టినవ్ భాయ్ అని అబ్బా కుడిచెయ్యి పట్టుకున్నాడు. ఆ వణుకుతున్న చెయ్యే. అబ్బా పరదా వైపు చూశాడు. చెబుతాడనుకున్నాను. నిజంగా అనుకున్నాను. అబ్బా ఒక లడ్డూ తీసుకుని, అంతా అల్లా దయ అన్నాడు.

సాయంత్రం వాసు వచ్చాడు. విరగని రాకెట్ ఒకటి ఇచ్చాడు, నట్టనడుమ తెగింది. నేను అప్పుడే టీ పట్టుకుని బయటికొచ్చాను. భాయ్ కావాలనే, మా చెల్లె నజియా అన్నాడు. వాసు, గట్లనా, నేనెన్నడు చూడనే లేదు అన్నాడు. అని టీ కూడా తాగకుండా బండెక్కి పోయాడు.

భాయ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. అమ్మీకి చెబితే, గట్లనే అంటరు మరి, మనింట్ల ఒప్పుకుంటడా అంది. పచ్చ డ్రెస్ ఇస్త్రీ అయి వచ్చింది. మంచం మీద పరిచి ఉంది, లోపల ఎవరో పడుకున్నట్టు.

డిసెంబర్ 24, మంగళవారం, పొద్దున

వాసు రాకెట్ మెషిన్ మీద ఉంది. నిలువు గట్లు వేశాను. అడ్డం గట్లు భాయ్ వేసుకుంటాడు.

షర్త్ ఓడిపోయాను. ఖమ్మం బస్సుకి వెళ్తున్నాను, అక్కణ్నుంచి హైదరాబాద్.