మౌసుకు కట్టిన ముడి విప్పొద్దు

రోజా,

వేటకు పోతుండా. నిన్నటి చేపల పులుసు వేడి చెయ్యొద్దు, అట్టనే తిను.

కొత్త గేమింగ్ మౌసు కంప్యూటరు దగ్గర పెట్టినా. వల దారంతో బల్ల కాలికి కట్టినా, ఆ ముడి విప్పొద్దు. వైరు లేనిది తీసుకోమన్నాడు షాపాయన. తాడు లేని వస్తువు మన ఇంట్లో ఎప్పుడన్నా నిలిచిందా? వద్దన్నా.

షాపులో మౌసుల్ని పీతల్ని ఏరినట్టే ఏరినా. ఒక్కోదాన్నీ తిరగేసి పొట్ట నొక్కి, డొల్లగా ఉన్నవన్నీ పక్కన పెట్టినా. తడి చేత్తో పట్టుకున్నా ఇది జారలేదు. నువ్వు చేపలు కడిగిన చేతుల్తోనే ఆటకు కూర్చుంటావు గదా. గట్టిదో కాదో చూద్దామని, ఇంటి నుంచి సీసాలో తీసకపోయిన సముద్రం నీళ్ళలో ముంచబోతే షాపాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, ఇది ఆటకా, వేటకా?" అన్నాడు.

మొన్న మధ్యాహ్నం నువ్వు కునుకు తీస్తుంటే నీ అరచెయ్యి దారంతో కొలుచుకున్నా. ఆ కొలతకే తెచ్చినా. వలలు కుట్టి కాయలు కాసిన చెయ్యి, నొప్పి పుట్టకూడదు.

ఆటలో ఇద్దరం ఒకే జట్టు. అయినా ఆదివారం నన్నే కాల్చేసినావు. మౌసు బటను ఇరుక్కుందన్నావు, నమ్మినా. అందుకే ఇంత తిరిగినా. అలక కూడా మానుకున్నా.

ముత్యాలయ్య

పాత మౌసు కూడా షాపులో చూపించినా. బటను శుభ్రంగా పనిచేస్తుందంట. సాయంత్రం వస్తా, ఏం చెప్తావో ఆలోచించి పెట్టుకో.