అవ్వ విప్పిన సంచి

అన్నా,

కాలేజీ టూరని చెప్పి అడవిబాట పట్టిన నువ్వు తిరిగి రాలేదు. ఇది నీకు చేరదని తెలుసు. నేను రేపు హిమాలయాల్లో రాళ్ల పరిశోధనకు వెళ్తున్నాను. తెలంగాణ బంద్‌తో బస్సుల్లేవు. జనగామ స్టేషన్‌కు స్నేహితురాలి బండి మీద పోవాలి.

నేను సర్దిన సంచిని అవ్వ విప్పింది. బూట్లు, తాడు, తలకు కట్టుకునే లైటు చూసి ఆమె ముఖం మారిపోయింది.

"నిజం చెప్పు బిడ్డా, ఏ అడవికి పోతున్నవ్?"

"మంచు కొండలకే అవ్వా."

"అయితే గా ఉన్ని బట్టలన్నీ తొడుక్కో, సూస్త."

మండుటెండలో రెండు స్వెటర్లు, కోటు వేసుకుని నిలబడ్డాను. చెమటకు తడిసిపోయాను. అవ్వ నా మెడ తుడిచింది.

"గిన్ని తొడుక్కొని అడవిల ఎవ్వలు ఉరుకుతరు?" అని తనే మళ్లీ అన్నీ మడతపెట్టింది. సంచి మూసి అంది:

"గా దినం మీ అన్న సంచి గుడ విప్పి సూడాల్సుండె."