అంగీ వాసన

అమ్మకు వందనాలు. నేను బాగానే ఉన్నాను, ఇక్కడి చర్చికే వచ్చే ఆగ్నెసత్త చెప్పేలోపే సంగతి నా దగ్గర విను.

ఈ ఆదివారం ఆబిడ్స్ చర్చిలో ప్రభు భోజనం వేళ సంఘపెద్ద హెర్బర్ట్ ద్రాక్షరసం గిన్నె నా దాకా తెచ్చి, ఇవ్వకుండా దాటిపోయాడు. "తాగొచ్చినవ్ ఎలీషా, నీకెట్ల ఇయ్యాలె?" అన్నాడు. "పెద్దయ్యా, నా నోరు వాసన చూడున్రి, అంగీ కాదు!" అని అందరి ముందూ అరిచాను. ఎవరూ చూడలేదు. పక్కవాళ్లు లేచి వేరే బెంచీలకు పోయారు, మా బెంచీ మీద నేనొక్కడినే మిగిలాను.

విస్కీ పీపాలు కడిగేవాడి బట్టలు ఇంకేం వాసన వేస్తాయి? నాంపల్లిలో మా సేటు, కొడుకులు, కోడళ్లు కలిసి నడిపే చిన్న కార్ఖానా ఇది. పీపా తెరిస్తే ఇంటిల్లిపాదీ తలా గుక్క రుచి చూస్తారు. నాకూ ఇచ్చారు, ముట్టలేదు. "పాద్రీసాబ్ వచ్చిండు" అని నవ్వారు. అప్పటినుంచి పిలవరు. వీళ్లకు తాగనని కోపం, వాళ్లకు తాగానని.

అంగీలు ఉతుక్కోవడానికి కుంకుడుకాయలు పంపు. తమ్ముడి దగ్గు తగ్గిందా? మేక ఈనిందా?

క్రిస్మస్‌కు వస్తాను. ఉతికిన అంగీ ఒకటి గడప బయట పెట్టు, మార్చుకున్నాకే లోపలికొస్తాను. ఆ ఒక్కరోజు చర్చిలో ఆడవాళ్ల వరస వదిలి నా పక్కన కూర్చో.

దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

నీ ఎలీషా