అడుగున్నరకు తగిలింది బండ కాదు

జూన్ 3, సోమవారం

కొండ పని నాకే ఇచ్చారు. ఇవ్వక చస్తారా! తడిమట్టిని వేళ్ల మధ్య నలిపి, అందులో ఇసుకెంతో బంకమన్నెంతో చెప్పి, లాబ్ రిపోర్ట్‌తో పందెం కాసేది ఈ ఆఫీసులో నేనొక్కదాన్నే. ఇంతవరకు ఓడలేదు. నా డైరీలో నేను గొప్పలు చెప్పుకుంటే ఎవడికి నష్టం?

పని చిన్నదే. సముద్రం పక్కన అడవి కొండ. దాని వాలు మీద మట్టి ఎంత లోతుందో చూసి సర్టిఫై చేయాలి. వాలు కింద మా స్టాఫ్ కాలనీ రాబోతోంది. మట్టి పల్చగా ఉండి కింద గట్టి బండ ఉంటే ఇళ్లు కట్టుకోవచ్చు. మట్టి లోతుగా ఉంటే మాత్రం కట్టకూడదు. పెద్ద వాన పడితే అదంతా జారి ఇళ్ల మీదికి వస్తుంది.

అడుగున్నరకే బండ అని పాత మ్యాప్‌లో ఉంది. అది గీసింది మా పెద్దసారు. అందుకే చాటుగా అందరం ఆయన్ని అడుగున్నర సారు అంటాం. కాలనీలో మూల ప్లాటు మాది, దాని పక్కది ఆయనది.

జూన్ 4

మా ఆయన ఆ కొండ కింద రోడ్డు మీదే బస్సు నడుపుతాడు. ఇవాళ ఇంటికొచ్చి కొత్త ఇంటి ప్లాన్ మళ్లీ గీశాడు. వంటగది ఈసారి ఎడమ వైపుకి వెళ్లింది. అత్తయ్య తన మంచం ఏ కిటికీ పక్కన వేయాలో తేల్చేసింది. కొండ సంగతి ఎప్పుడు తేలుస్తావమ్మా అని నన్ను అడిగింది. వారంలో తేలుస్తాను, నా పని నాకు రాదా అన్నాను.

ఈ అద్దె కొంపలో ముగ్గురం ఒకేసారి నిలబడితే నాలుగో మనిషి గడప బయట ఉండాలి. ఇల్లు కావాలి. నాకూ కావాలి.

జూన్ 6, పొద్దున 11

ఆగర్ దింపాం. అంటే మట్టిలోకి తిప్పుకుంటూ దించే ఇనుప మర. అడుగున్నర దగ్గర ఠంగ్‌మని ఆగింది. సారు ఆనందం చూడాలి. నేను చెప్పలా, రాసేయమ్మా, టీకి పోదాం అన్నారు.

నేను రాయలేదు. అసలు బండ తగిలితే దెబ్బ భుజం దాకా వస్తుంది. ఇది మోచేతి దగ్గరే ఆగిపోయింది. జానెడు పక్కకి జరిగి మళ్లీ తిప్పాను. ఇంకాస్త దిగి ఆగింది. ఇంకో పక్క ఇంకా ముందే ఆగింది. రాళ్లున్న అడవి నేలలో అందరూ చేసే తప్పు ఇదే. మర ఆగిన చోటల్లా బండ అని రాసేస్తారు. మట్టిలో ఇరుక్కున్న విడి రాయి కూడా మరని ఆపుతుంది మహాశయా!

ఇదంతా సారుతో అనలేదు. తవ్విస్తానండీ అని మాత్రం అన్నాను. ఆయన మొహం మాడిపోయింది.

జూన్ 10, సోమవారం

గునపం అక్క, వాళ్లాయన తవ్వారు. ఆవిడ గునపం పడితే పక్కన మాట్లాడే ధైర్యం ఎవరికీ ఉండదు, అందుకే ఆ పేరు. అడుగున్నర దగ్గర బండ అనుకున్నది బయటికొచ్చింది. గుమ్మడికాయంత రాయి! దాని కింద మట్టి. ఆ కింద ఇంకో రాయి, దాని కిందా మట్టే.

నేను గుంటలో దిగాను. గడ్డం దాకా మునిగాను. నా పాదాల కింద ఇంకా మట్టే ఉంది, గునపం ఇంకా దిగుతూనే ఉంది. అబ్బ, ఏం మట్టి అది! పైన కుళ్లిన ఆకుల దుప్పటి, దాని కింద కాఫీ పొడిలా నల్లగా, పొడిపొడిగా. కిందికి పోయేకొద్దీ ఎరుపు తిరిగిన గోధుమ రంగు. సగానికి పైగా రాళ్లే, అన్నీ పదునైన అంచులతో, ఒక్కోటి ఒక్కో దిక్కుకి చూస్తూ ఉన్నాయి. నీళ్లలో దొర్లిన రాళ్లయితే నున్నగా ఉండేవి. ఇవి శిఖరం నుంచి విరిగి జారి వచ్చి ఇక్కడ ఆగినవి. చెట్ల వేళ్లు ఆ రాళ్ల సందుల్లోంచి నా మోకాళ్ల కిందికి పోయాయి. బకెట్ నీళ్లు పోస్తే చూస్తుండగానే మాయం. మట్టిని తడిపి వేళ్ల మధ్య రిబ్బన్‌లా సాగదీయబోతే బొటనవేలు దాటకుండా తెగింది. బంకమన్ను లేదు. దీన్ని పట్టి ఉంచేది చెట్ల వేళ్లు తప్ప ఇంకేమీ లేదు.

ఎన్నో ఏళ్లుగా మ్యాప్ మీద తప్పు పేరుతో పడి ఉన్న మట్టిని నేను కనిపెట్టాను. గుంటలోంచే కేక పెట్టాను. నాకేదో కరిచిందని అక్క కంగారుపడింది.

పైకొచ్చి చేతులు దులుపుకుంటూ కిందికి చూశాను. మా మూల ప్లాటు సరిగ్గా కనిపించింది.

జూన్ 11

ఇంట్లో చెప్పలేదు. వంటగది మళ్లీ కుడి వైపుకి వచ్చింది.

జూన్ 12

సారు గుంట దాకా వచ్చి, దిగకుండానే మాట్లాడారు. ఒక గుంట చూసి కొండని తిట్టకూడదట. అటు అంచున అసలు బండ బయటికి కనిపిస్తోంది కదా, గుంట అక్కడ తవ్వి ఆ లోతే రాయమన్నారు. అబద్ధం రాయమనడం లేదమ్మా, చోటు మార్చమంటున్నాను, నీకూ ఇల్లు వద్దా అన్నారు.

నిజమే, అబద్ధం కాదు. ఒక్క క్షణం మనసు లాగింది కూడా. కానీ కింద సంతకం నాది. అంచున తవ్వి మొత్తం కొండ అదే అని చెప్పడానికి ఇన్నేళ్లు చేతులు పాడుచేసుకోలేదు. కుదరదండీ అన్నాను. గొంతు కొంచెం గట్టిగానే వచ్చింది.

జూన్ 13

ఇంట్లో చెప్పాను. తవ్వమని నిన్నెవరైనా బతిమాలారా అని అత్తయ్య నిలదీసింది. మా ఆయన ప్లాన్ కాగితం మడిచి బీరువా మీద పెట్టేశాడు. అందరిలా మరతో చూసి రాసేస్తే సరిపోయేది కదా అన్నాడు. అందరిలా! నన్ను తిట్టినా ఇంత బాధపడేదాన్ని కాదు.

జూన్ 16, ఆదివారం

మా ఆయన తనంతట తానే కొండెక్కి గుంటలో దిగాడు. చేతిలో మట్టి పెట్టాను. మన జీవితంలో ఇది జారుతుందా అని అడిగాడు. తెలీదు, జారకపోవచ్చు కూడా అన్నాను. అయితే మరి అన్నాడు. తెలీదనేదాన్ని జారదు అని రాయలేను అన్నాను. ఆ కాలనీలో అందరి పిల్లలూ పడుకుంటారు, అది కూడా అన్నాను.

ఆయన బట్టలకంటిన మట్టి దులుపుకోకుండానే కొండ దిగిపోయాడు.

జూన్ 20

వాలు పొడవునా మరిన్ని గుంటలు తవ్వించాను. అంచుని వదిలేస్తే అన్నీ ఇదే మాట చెప్పాయి. రిపోర్ట్ మీద సంతకం పెట్టాను. నా సంతకం ఇంత అందంగా ఎప్పుడూ రాలేదు.

జూన్ 27, సాయంత్రం 4

పై ఆఫీసు నుంచి తనిఖీ మేడమ్ వచ్చారు. సారు ఆవిడ ఎదుట మర దించారు. ఠంగ్. మేడమ్ నేరుగా గుంటలో దిగి, గోడలోంచి ఒక రాయి చేత్తో లాగారు. దాని వెనక ఉన్న మట్టంతా జలజలా ఆవిడ బూట్ల మీద పడింది. ఈ రిపోర్ట్ రాసిందెవరు అని అడిగారు. నేనే అని చెప్పాను. ఇంకేమీ కలపలేదు. నా జన్మలో అంత పొట్టిగా మాట్లాడింది అప్పుడే.

కాలనీ రద్దు. కొండ అడవిగానే ఉంటుంది.

అందరూ జీపెక్కాక వెనక్కి చూస్తే, సారు ఒక్కరే గుంటలో ఉన్నారు. మట్టి వేళ్ల మధ్య నలుపుతున్నారు. దారిలో చెప్పారు, మ్యాప్ గీసిన రోజుల్లో తవ్వే మనుషుల్ని ఇవ్వమని ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదట. మర ఒక్కటే ఇచ్చారట. ఇకమీదట ఆయన్ని ఆ పేరుతో పిలవను.

జూన్ 28

ఆఫీసులో నా బల్ల దగ్గరికి టీకి ఎవరూ రాలేదు. ఇంట్లో అత్తయ్య మాట్లాడడం లేదు. ఆయన ఉప్పు అందుకోమన్నాడు, అంతే. కానీండి. మళ్లీ ఆ గుంటలో దింపినా మళ్లీ అదే రాస్తాను.

జూలై 9

జీపు చెడిపోయి బస్సెక్కాను. జనంలో వెనక నిలబడ్డాను, నడిపేది మా ఆయనే. నన్ను చూడలేదు. కొండ మలుపు దగ్గర బస్సు నెమ్మది చేసి, ముందు సీటు ముసలాయనతో గట్టిగా చెబుతున్నాడు. పైకి రాళ్లలా కనిపిస్తుంది కానీ లోపల నిలువెత్తు మట్టి ఉందండీ, బండ అని అందరూ రాసేస్తే మా ఆవిడ ఒప్పుకోలేదండీ, కింద ఖాళీగా ఉందే ఆ మూల జాగా, అది మాదేనండీ అని.

బస్సంతా వంగి చూసింది. నేనూ వంగి చూశాను.