తొంభై అయిదు దాటితే

1987 మార్చి 3
మా మిల్లులో పనిచేసే మల్లక్క ఇంకా దవాఖానలోనే. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. మిల్లులో రంగుల తొట్టి పొంగి ఆమె మీద పడటానికి, దాని వేడిని నడిపే నా ప్రోగ్రామే కారణమట — మేనేజర్ అందరి ముందూ అన్నాడు. తొట్టి వేడి 95 డిగ్రీలు దాటకూడదు. ప్రోగ్రాంలో ఎవరో 195 అని కొట్టారు. కంప్యూటర్ మారుమాట లేకుండా తీసుకుంది.
కొట్టింది నేను కాదు. ప్రోగ్రాం రాసేది ఇద్దరమే — నేను, నర్సింగ్.

మార్చి 6
నర్సింగ్‌ను అడిగాను. "నేనెందుకు కొడ్త అక్కా? నా మీదనే అనుమానమా?"
కళ్లలోకి చూడలేదు.

మార్చి 11
ఒక ఉపాయం. ప్రోగ్రాంలో వేడి పెంచే ప్రతి ముక్క, అంటే ప్రొసీజర్, పైన ఒక గుర్తు రాస్తున్నాను — దీనికిచ్చే అంకె 20కి తగ్గకూడదు, 95 దాటకూడదు. ప్రోగ్రాంను మెషీన్ భాషలోకి మార్చే ముందు, అంటే కంపైల్ చేసే ముందు, ఆ గుర్తులను చదివే చిన్న ప్రోగ్రాం ఇంకొకటి. ఎక్కడైనా అంకె హద్దు దాటితే పని అక్కడే ఆగాలి. తప్పు తొట్టి దగ్గర కాదు, నా టేబుల్ దగ్గరే బయటపడాలి.

మార్చి 17
కావాలనే 195 కొట్టాను. ఆగింది! ఏ లైనులో తప్పో కూడా చెప్పింది. నర్సింగ్ చప్పట్లు కొట్టాడు. మరీ ఎక్కువసేపు కొట్టాడేమో...

మార్చి 24
గుర్తులో 95 లేదు. 130 ఉంది. నేను రాయలేదు. కంపైల్ కిక్కురుమనలేదు — హద్దునే మార్చేస్తే అదేం చేస్తుంది?

మార్చి 25
నర్సింగే. ఒప్పుకున్నాడు. "కొత్త మూత తొట్టికి నూట ముప్పై గావాలె అక్కా. సారే జల్ది మార్చుమన్నడు."
మేనేజర్‌ను అడిగితే — "నేనా? నేనేమనలె."
ఒకరిది అబద్ధం. మరి ఆ 195 కొట్టిందెవరు? అదింకా తేలలేదు.

మార్చి 27
మూత తొట్టికి వేరే ప్రొసీజర్, వేరే హద్దు. తెరిచిన తొట్టికి 95 — అంతే. ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీ రోజూ నాతోపాటే మట్టెవాడలోని ఇంటికి. అమ్మ నవ్వుతోంది. "బంగారం దాసినట్టు దాస్తున్నవేందే?"

ఏప్రిల్ 2
మల్లక్క పనిలోకి వచ్చింది. మళ్లీ అదే తొట్టి. నర్సింగ్ స్టూలు తెచ్చి వేశాడు, ఆమె కూర్చోలేదు. నా దగ్గరకొచ్చి మెల్లగా — "ఇప్పుడు మంచిగనే ఉందా బిడ్డా? దగ్గర నిలవడొచ్చా?"
పొద్దున్నే కంపైల్ చేశాను. హద్దులు సరిగ్గా ఉన్నాయి. అవునని చెప్పాలి. కానీ ఆ తర్వాత మళ్లీ ఎవరైనా మార్చి ఉంటే?
మేనేజర్ కిటికీ దగ్గర నిలబడి మావైపే చూస్తున్నాడు.
ఆమెను వెంటబెట్టుకుని తొట్టి దగ్గరకు నడిచాను. ఆమె పక్కనే నిలబడ్డాను. తొట్టి వేడెక్కుతోంది...