రంగు దిగని కార్డు

నారాయణపేట,
6 జూన్ 1999, ఆదివారం.

పూజ్యులైన జాఫర్ చిచ్చాకు, మగ్గాల ఇంటి కురుమయ్య నమస్కరించి రాయునది.

ఈ రోజు మొదటి ఆశ్చర్యం: పొద్దున లేచేసరికి మా బాపు రెండో మగ్గం విప్పి గోడకు ఆనించాడు. ఆ జాగాలో మీరు బిగించి పంపిన కంప్యూటర్ పెట్టుకొమ్మన్నాడు. షరతు ఒకటే: “నెలాఖరు దాక చూస్త. నీ కారు ఆట నడిస్తే సరి. లేకుంటే మగ్గం మళ్ల లేస్తది, దాని ముందల నువ్వు కూసుంటవ్.”

చిచ్చా, ఆటలో కారు ఎడ్లబండి కన్నా మెల్లగా పోతోంది. తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు వేస్తే పరుగెత్తుతుందన్నారు కదా. ఫ్యాను ఉన్న పెద్దదా, ఫ్యాను లేని చిన్నదా? జేబు చిన్నదంటోంది, మనసు పెద్దదంటోంది. ‘సందిగ్ధం’ అనే మాట నిన్ననే నిఘంటువులో చూశాను. ఈ రోజే పనికొచ్చింది.

మీ కురుమయ్య

తా.క. గోపమ్మ అవ్వ ఈ ఉత్తరం చదివించుకుని అంది: “కండ్లతోని చూడకుండ ఎట్ల కొంటర్రా? చీరల సేటు మూట ఇంటికి పంపుతడు. నచ్చింది ఉంచుకుంటం, మిగిలింది వాపస్ ఇస్తం. జాఫర్‌ను రెండూ పంపుమను.”

హైదరాబాద్,
9 జూన్.

కురుమయ్యకు చిచ్చా దువా.

కార్డులు చీరల లెక్క మూట కట్టి పంపుమన్నోళ్లు మా దుకాణంల ఇప్పటిదాక ఎవ్వరు లేరు. అయినా అవ్వ మాట కాదనలేను. మీ ఇంట్ల నూలు చుట్టే రోజులల్ల ఆమె రేడియో విప్పి ఖరాబు చేసిన. తిట్టలే. “ఎట్ల పోయిందో చూసినవ్ కద, ఇగ ఎట్ల వస్తదో చూడు” అన్నది. ఇయ్యాల్టి దాక నా బతుకు ఆ మాట మీదనే నడుస్తాంది.

మీ ఊరి బస్సు కండక్టర్ గురవయ్యకు రెండూ ఇచ్చిన. పెద్దది కూడ నాకు చిన్నదాని ధరకే దొరికింది. ఫికర్ లేకుండ అదే పెట్టుకో, చిన్నది వాపస్ పంపు.

మీ చిచ్చా

తా.క. పసుపు గుడ్డల కట్టిన, అవ్వ ఖుషీ కావాలని.

నారాయణపేట,
13 జూన్.

చిచ్చాకు నమస్కారాలు.

మూట క్షేమంగా చేరింది. అవ్వ మంచం మీద తెల్లగుడ్డ పరిచి, కళ్లజోడు పెట్టుకుని, రెండు కార్డులనూ తిరగేసింది. ముందువైపు చూడనే లేదు. చీర మంచిదో కాదో వెనకవైపే చెబుతుందట. పెద్దదాని వెనక ఒక మూల వేలు పెట్టి, “గీడ చిరుగు కలిపి రఫూ చేసిన్రు” అంది.

“అవ్వా, ఇది బట్ట కాదు!”

“గందుకే కుట్టలే, అతికిచ్చిన్రు. పెద్ద చీర చిన్న చీర ధరకు ఎవడన్న ఇస్తడారా?”

చిన్నదాన్నే ఎంచింది. నాకేమో పెద్దదే కావాలి. మీరే ఆమెకు నచ్చజెప్పాలి.

మీ కురుమయ్య

తా.క. కొత్త చీర కొంగు తడిపి చూసినట్టే, చిన్నకార్డును చెంబు నీళ్లలో ముంచి బాగా రుద్ది చూసింది. సంతోషించండి, రంగు దిగలేదు.

హైదరాబాద్,
16 జూన్.

కురుమయ్యా! దువాలు తర్వాత, ముందు ఇది చదువు.

ఆ తడి కార్డు కంప్యూటర్‌ల పెట్టకు! పెడితే రెండూ కాలిపోతయి. మిరపకాయల లెక్క ఎండల ఆరబొయ్యకు. నీడకు, గాలికి నాలుగు రోజులు ఉంచు. పెద్దదాన్నన్న నీళ్ల నుంచి కాపాడు. దాన్ని కొత్త డబ్బాల నుంచి నా చేతులతోనే తీసిన, దానికి రఫూ ఏందిరా? అవ్వ కండ్లు దవాఖానల చూపియ్యుమని బాపుకు చెప్పు. పెద్దదే పెట్టుకో, నాది పూచీ.

మీ చిచ్చా

తా.క. అవ్వను ఏమనకు. ఆనాటి రేడియోకు ఈ కార్డు చెల్లు.

నారాయణపేట,
20 జూన్, ఆదివారం.

చిచ్చాకు వేయి నమస్కారాలు.

మీ పూచీ మీద పొద్దున పెద్దది పెట్టాం. తెర నిండా అడ్డగీతలు, నిలువుగీతలు. గళ్లచీర కనిపించింది కానీ కారు కనిపించలేదు. తర్వాత అంతా చీకటి. బాపు గోడకు ఆనించిన మగ్గం వైపు చూశాడు.

అవ్వ చిన్నకార్డు తెచ్చి చేతిలో పెట్టింది. మీ ఉత్తరం రాకముందే దాన్ని నీడలో ఆరేసిందట. “రంగేసిన నూలు ఎండల ఆరేస్తరా? జాఫర్ గాడు గదీ మర్చిండా?” అంది.

పెట్టాం. కారు పరుగెత్తింది చిచ్చా! ‘కృతజ్ఞత’ కంటే పెద్ద మాట కోసం నిఘంటువంతా వెతికాను, దొరకలేదు. ఉన్నదాన్నే మీకూ అవ్వకూ చెరి సగం పంచుతున్నాను. పెద్దకార్డు గురవయ్యతో వాపస్ పంపుతున్నాను.

మీ కురుమయ్య

తా.క. ఒక్కసారి నడిపి చూస్తానని బాపు పొద్దున కూర్చున్నాడు. ఇప్పుడు సాయంత్రం. మగ్గం మాట ఎత్తడం లేదు, కుర్చీ కూడా ఇవ్వడం లేదు.

హైదరాబాద్,
23 జూన్.

కురుమయ్యా, ముందుగాల అవ్వకు నా సలాం చెప్పు. వంగి చెప్పు.

భూతద్దం పెట్టి పెద్దదాని వెనక చూసిన. అవ్వ చెప్పినట్టే ఒక మూలకు రెండోసారి టంకం పెట్టిన్రు. ఎవడో పాత కార్డు బాగుచేసి, కొత్త డబ్బాల పెట్టి మాకు అమ్మిండు. ఈ నెలల నలుగురు గిరాకీలు గీతలొస్తున్నయని తిరిగొచ్చిన్రు. మా దుకాణం సేటు నా చేతిపనినే అనుమానపడ్డడు, వచ్చే శనివారం నుంచి పనికి రావద్దన్నడు. నీకు రాయలే. ఇయ్యాల వాళ్ల నాలుగు కార్డులూ తిరగేసి చూపించిన. అదే మూల, అదే అతుకు.

సేటు నా భుజం మీద చెయ్యేసి, “నీ పని నీదే. గిది పట్టుకున్నదెవరు?” అన్నడు. “రేడియో ఖరాబు చేస్తే తిట్టని మా ఉస్తాద్” అన్న. కండ్ల పరీక్ష నేనే చేయించుకుంట.

ఈ ఉత్తరం గురవయ్య పగటి బస్సుల తెస్తాండు. రేపు పొద్దుగాల మొదటి బస్సుకు నేను వస్తున్న. సేటు ఇరవై కార్డులు మూట కట్టి ఇస్తున్నడు. అవ్వ తిరగేసి సరే అన్నవే దుకాణంల పెడ్తడట.

మీ చిచ్చా

తా.క. మంచం మీద తెల్లగుడ్డ పరిచి ఉంచు. చెంబు మాత్రం దాచిపెట్టు.