మా బురదను ఇసుక అన్నదెవరు?

చిరంజీవి పెంకిపిల్లకు,

దీవెనలు ఈసారికి దాచిపెట్టి మీ పిన్ని రాస్తున్న ఉత్తరం.

మన తీరాన, మేం గుల్లలు ఏరుకునే బురద దగ్గర, నిన్న ఒక బోర్డు పాతారు. "ఇది ఇసుక నేల. ఇక్కడ లారీల స్టాండు కట్టబడును" అని. కింద నువ్వు పనిచేసే ఉపగ్రహాల ఆఫీసు పేరు. చదువుతుంటే ఒళ్లు మండిపోయింది. ఇసుకట. ఒక కాలు లాక్కునేలోగా రెండో కాలు మోకాలిదాకా దిగబడే చోటు అది. ఆ బురదలోనే గుల్లలు బతుకుతాయి, ఆ గుల్లల మీద మా వీధి బతుకుతుంది. దాని మీద కంకర పోసి లారీలు నిలబెడితే మేం ఎక్కడికి పోవాలి? ఆ బురద పెట్టిన తిండి తిని పెరిగినదానివి, నీ చేత్తోనే ఈ పటం గీశావా?

ఆకాశంలో కూర్చుని చూస్తే ఇలాగే ఉంటుంది. మీ ఉపగ్రహాన్ని ఒకసారి కిందికి దిగి చూడమను.

కోపంతో,
మీ పిన్ని

తా.క.: బోర్డు చదవడానికి వెళ్లిన మీ బాబాయి చెప్పు ఒకటి ఆ "ఇసుక"లో ఉండిపోయింది. ఉపగ్రహంతో వెతికిపెట్టమంటున్నారు.

*

పిన్నికి నమస్కారాలు.

తిట్లన్నీ భద్రంగా అందాయి.

ఉపగ్రహాన్ని ఏమీ అనకు పిన్నీ. తడి బురద వెలుగును మింగేస్తుంది, ఇసుక తిప్పికొడుతుంది. ఆ తేడా పట్టుకుని అది మొదట్లో మన చోటు బురదే అని చెప్పింది. నేనూ అలాగే రాశాను. కానీ పైనుంచి చూస్తే చాలదు, అక్కడి మట్టి తెప్పించి దానితో పోల్చాలి. అది మా పద్ధతి. మీ తీరం ఆఫీసు వాచ్‌మన్ ద్వారా సంచులు వచ్చాయి. విప్పితే నిగనిగలాడే ఇసుక. "మీ బురద సంగతి మీకే తెలియదా?" అని మా డైరెక్టరు అందరి ముందూ అడిగారు. నా పటం కొట్టేసి ఇసుక అని రాయించారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఎవరో కావాలనే ఇసుక నింపి పంపారు. ఎవరో కనుక్కో. వాళ్లను నేను ఊరికే వదలను.

అవమానంతో,
నీ పెంకిపిల్ల

తా.క.: మన ఇల్లంత మేర ఉపగ్రహానికి ఒక్క చుక్క. బాబాయి చెప్పు ఇల్లంత ఉంటే వెతుకుతాను.

*

పెంకిపిల్లకు సగం దీవెనలు.

ఆ సంచుల్లోకి పోయింది బురదే. దగ్గరుండి చూసినదాన్ని చెబుతున్నాను. దారిలో ఎవరో మార్చేశారు. వాచ్‌మన్‌ను వీధి మధ్యలో నిలబెట్టి దులిపేశాను. సంచులు వ్యానులో పట్టుకెళ్లింది పక్కింటి వదిన కొడుకు. వాడు ఇప్పుడు చేరింది ఆ లారీల కాంట్రాక్టరు దగ్గరే. ఇంక వేరే చెప్పాలా? వదినను నిలదీశాను. ఏడ్చింది. నేను కరగలేదు. ఇప్పుడు వీధిలో సగం మంది నా వైపు, సగం మంది ఆవిడ వైపు.

నీ వైపు నిలబడి పోట్లాడుతున్న
పిన్ని

తా.క.: మీ బాబాయి వదిన పక్షం. ఆయనతో మాటలు మానేశాను. ఆకలేస్తే కంచం మోగిస్తున్నారు.

*

పిన్నికి, నమస్కారం పెట్టాలో వద్దో తేల్చుకోలేక రాస్తున్నాను.

స్టోరు గదిలోంచి సంచులు తీయించి చూశాను. ఎవరూ మార్చలేదు, మేం విప్పేదాకా మూతి కుట్టు కుట్టినట్టే ఉంది. సంచులు కుట్టిన గుడ్డ పసుపుపూల గుడ్డ. చంక కింద అతుకు. పిన్నీ, అది నా ఐదో క్లాసు గౌను. తీరమంతా గాలించినా ఇంకో ఇంట్లో ఉండదు. కుట్టింది నువ్వు, నింపింది నువ్వు. నువ్వే ఇసుక పంపి నన్ను తిడతావా? వదిననూ ఏడిపిస్తావా?

వచ్చే వారం పని మొదలుపెడతారట. ఆలోగా అసలు బురద చేరితే మళ్లీ పోల్చడానికి డైరెక్టరు ఒప్పుకున్నారు, ఇదే ఆఖరుసారి అన్నారు. ఏం చేశావో నిజం రాయి.

నీ అక్క కూతురు

తా.క.: ఆ గౌను దాచమన్నాను, చింపమనలేదు. ఆ సంగతి వేరే మాట్లాడుకుందాం.

*

చిరంజీవి పెంకిపిల్లకు,

అవును, నేనే. ప్యాంటు పాడవుతుందని వాచ్‌మన్ నన్ను నింపమన్నాడు. మట్టి మీ ఆఫీసుకే అని చెప్పాడు గానీ ఎందుకో చెప్పలేదు. ఇసుక రవ్వంత కూడా కలపలేదు. బురదే తీశాను. తీసి, కడిగాను.

కడగకుండా ఎలా పంపుతాను? నువ్వు పనిచేసే చోటది. ఆ కంపుకు నలుగురూ ముక్కు మూసుకుని, "ఈ అమ్మాయి ఇలాంటి చోటు నుంచి వచ్చిందా" అంటే ఆ మాట పడేది నువ్వు. అందుకని నీళ్లు తేటపడేదాకా కడిగాను. నల్లనీళ్లు పారబోస్తూనే ఉన్నాను. గంపెడు బురదకు అడుగున నిగనిగలాడే మట్టి చారెడు మిగిలింది. ఎంత శుభ్రంగా వచ్చిందోనని మురిసిపోయాను కూడా. కంపుతో సహా కావాలని ముందే ఒక ముక్క రాస్తే నీ సొమ్మేం పోయింది? వదిన ఇంటికి వెళ్లి తల దించుకోవలసి వచ్చింది నాకు.

ఇప్పుడు పంపేది కడగలేదు. తీసింది తీసినట్టే, పురుగులతో సహా. మీ డైరెక్టరు ముందే విప్పు. ముక్కు మూసుకుంటే మూసుకోనీ. నువ్వు మాత్రం తల వంచకు.

ఈసారి నిండా దీవెనలతో,
మీ పిన్ని

తా.క.: పార్సిలు గుమస్తా ముఖం అటు తిప్పుకుని, "ఏం కంపమ్మా ఇది, ఎవరికి?" అన్నాడు. "ఉపగ్రహాల ఆఫీసులో మా అక్క కూతురికి. మా బురద" అన్నాను. వెనక నిలబడ్డవాళ్లందరికీ వినబడేలాగే అన్నాను.